దేన్లో సగం?

మొన్న దసరా సెలవుల్లో గోవింద్‌పూర్‌లో మా అమ్మాయి ఇంటికి వెళ్ళేసరికి, మనవరాలు నేల మీద బోర్లా పడుకుని రంగు పెన్సిళ్ళు పరుచుకుని ఉంది. సెలవుల్లో చెయ్యమని బడివాళ్ళు కాగితాల కట్ట ఇచ్చారట. దీపాల వరసలో మూడో వంతుకి పసుపు రంగు వెయ్యాలి. తోరణంలో పావు వంతు ఆకులకి ఆకుపచ్చ వెయ్యాలి. చూడముచ్చటగానే ఉంది. మూడో కాగితం దగ్గరికి వచ్చేసరికి నా చూపు ఆగిపోయింది. రెండు లడ్డూల బొమ్మ. ఒకటి బత్తాయంత, రెండోది నిమ్మకాయంత. రెండింటికీ నడి మధ్య గీత గీసి, ఈ సగాలు రెండూ సమానం, రంగు వెయ్యమని కింద రాశారు.

పిల్ల నారింజరంగు పెన్సిల్ తీసింది. నేను దాని చెయ్యి పట్టుకున్నాను.

"ఇది తప్పు. వెయ్యకు."

"అమ్మమ్మా, ఛోడో నా! టీచర్ నే దియా హై."

"టీచరిచ్చినా తప్పు తప్పే."

మా అమ్మాయి వంటింట్లోంచి తల బయటపెట్టింది. "అమ్మా, మూడో క్లాసు పిల్ల హోంవర్కుతో కూడా దెబ్బలాటేనా?"

"దెబ్బలాటే" అన్నాను.

ముప్పై ఏళ్ళకి పైగా పిల్లలకి లెక్కలు చెప్పి రిటైరైన దాన్ని. తప్పు లెక్క చూస్తే ఊరుకోలేకపోవడం ఉద్యోగంతో వచ్చిన జబ్బని మా అమ్మాయి అనుకుంటుంది. కాదు. అది అంతకు చాలా ముందు, నా పదో ఏట వచ్చింది. అదీ సరిగ్గా ఇలాంటి రెండు లడ్డూల దగ్గరే.

అప్పుడు మేం భుయ్యాడీహ్‌లో, సువర్ణరేఖ ఒడ్డుకి దగ్గర్లో ఉండేవాళ్ళం. వరసగా పెంకుల కప్పుల ఇళ్ళు, ఇంటికో గది, గది ముందు చిన్న వసారా. ఆ వరసని లైను అనేవాళ్ళం. లైనులో అందరూ శ్రీకాకుళం వైపు నించి వచ్చినవాళ్ళే. మా నాన్న ఠేకేదారు కింద, అంటే కాంట్రాక్టరు కింద, ఉక్కు కార్ఖానాలో కూలి. ఉదయం ఉతికి ఆరేసిన బట్టల మీద మధ్యాహ్నానికి నల్లటి నుసి పడేది. అమ్మ దులిపి మడతపెట్టేది తప్ప మళ్ళీ ఉతికేది కాదు. గాలి అటు తిరిగితే కాలిన బొగ్గు వాసన, ఇటు తిరిగితే ఏటి బురద వాసన. సాయంత్రం కార్ఖానా వాళ్ళు కరిగిన చిట్టెం గుట్ట మీద పారబోస్తే ఆకాశం సగం ఎర్రబడేది. ఆ వెలుగులో మేం కుంటాట ఆడుకునేవాళ్ళం. ఆ లైను ఇప్పుడు లేదు. ఆ చోట మూడంతస్తుల ఇళ్ళు లేచాయి.

మాది హిందీ బడి. ఇంట్లో అర, పావు, ముప్పావు. వీధిలో ఆధా, పావ్, పౌనా. బడిలో మాస్టారు నల్లబల్ల మీద ఒకటి రాసి, దాని కింద గీత గీసి, గీత కింద రెండు రాసి "ఏక్ బటా దో" అనేవాడు. ఆ ఏక్ బటా దో అన్నది మా ఇంట్లో అమ్మ రొట్టె విరిచి ఇచ్చే సగమేనని నాకెవరూ చెప్పలేదు. దసరా సెలవుల ముందు పరీక్ష పెట్టి, ఏక్ బటా దో పెద్దదా, ఏక్ బటా చార్ పెద్దదా అని అడిగాడు. నాలుగు రెండు కన్నా పెద్దది కదా, ఏక్ బటా చార్ పెద్దదని రాశాను. మా లైను నించి ఆ తరగతిలో ఆరుగురం. ఆరుగురమూ అదే రాశాం.

మాస్టారు మా పలకలు ఆరూ బల్ల మీద వరసగా పేర్చి అందరికీ చూపించాడు. ఈ బస్తీ పిల్లలకి భిన్నాలు ఎక్కవు, తట్టలు మొయ్యడానికి కూడికలు చాలు అన్నాడు. తరగతి నవ్వింది. సెలవుల తరవాత మళ్ళీ అడుగుతాననీ, రాకపోతే కింది తరగతికి పంపేస్తాననీ అన్నాడు.

ఇంటికి వస్తూనే నేను మా అమ్మకి చెప్పలేదు, మూకుడత్తకి చెప్పాను.

మూకుడత్త మా లైను చివరింట్లో ఉండేది. ఆవిడ పొయ్యి మీద ఎప్పుడూ నూనె మూకుడు ఉండేది కాబట్టి పిల్లలం ఆ పేరు పెట్టాం. అసలు పేరు లైనులో చాలామందికి తెలియదు. మొగుడు పోయాక జంతికలూ, అరిసెలూ, బూరెలూ వండి పండగలకి కార్ఖానా క్వార్టర్లలో ఇంజనీర్ల ఇళ్ళకి ఇచ్చి బతికేది. ఊళ్ళో ఎనిమిదో తరగతి దాకా చదువుకుందట. లైనులో ఉత్తరాలన్నీ ఆవిడే రాసేది, ఆవిడే చదివేది. మనిషి పొట్టి, గొంతు పెద్దది.

నేను చెప్పిందంతా విని, గొట్టంతో జంతికలు వత్తడం ఆపకుండానే అడిగింది. "తట్టలు మొయ్యడానికా అన్నాడు?"

"అవునత్తా."

"తట్ట మోసినోళ్ళకి వంతులు తెలవ్వా? తట్టలో సగం ఏసేడో, ముప్పావు ఏసేడో మీ అయ్యని అడుగు, నెత్తి మీద పెట్టంగానే సెప్పీగలడు. రేపట్నించి ఆరుగురూ ఇక్కడికి రండి. పిండి కలపాల, ఏలక్కాయలు వొలవాల. పనీ అవుద్ది, లెక్కా వత్తాది."

మర్నాడు ఆరుగురం వెళ్ళాం. వెనకాలే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ. మొత్తం పదకొండు మందిమి.

అలాంటి బడి నేను ఆ తరవాత ఎక్కడా చూడలేదు. ఎండుతున్న మినప్పిండి వాసన, నూనె పొగ, బెల్లం పాకం, మధ్యలో మా గోల. దూరాన బెంగాలీవాళ్ళ పందిళ్ళలో ఢాక్ డోలు మోగుతుండేది. అత్త బలపం ముట్టుకోలేదు. గుమ్మానికి కట్టే తోరణానికి ఎనిమిది మావిడాకులు కోసుకురమ్మంది. "ఎనిమిదింట్లో పావు కట్టు" అంది. నేను తెల్లబోయాను. "నాలుగు కుప్పలెట్టవే, గుంటా!" పెట్టాను. ఒక్కో కుప్పలో రెండేసి ఆకులు. "ఒక కుప్ప కట్టు. అదే పావు. ఇప్పుడు రెండు కుప్పలెట్టు. దాంట్లో ఒకటెంత?" నాలుగు ఆకులు. "నాలుగు పెద్దా, రెండు పెద్దా?"

కుప్పలు ఎక్కువైన కొద్దీ కుప్ప చిన్నదవుతుందని నా బుర్రకి తట్టిన క్షణం నాకింకా గుర్తే. కింద పెద్ద అంకె ఉంటే ముక్క చిన్నదని! మాస్టారు ఎన్ని బెత్తం దెబ్బలకీ చెప్పలేకపోయిన సంగతి ఎనిమిది మావిడాకులు చెప్పేశాయి.

పళ్ళెంలో పన్నెండు బూరెలు పెట్టి మూడో వంతు తియ్యమనేది. సరిగ్గా తీసినవాళ్ళకి ఒక బూరె. నేనొకసారి సరిగ్గా తీసి, అత్త మూకుడు వైపు తిరిగినప్పుడు ఇంకోటి కూడా తీశాను. "పన్నెండులో మూడో వంతు నాలుగు. మిగిలినియ్యి ఎనిమిది ఉండాల. ఏడున్నాయేటి?" అంది వెనక్కి తిరక్కుండానే. ఆవిడకి వీపున కళ్ళున్నాయని పిల్లలం అనుకునేవాళ్ళం. వీపున కాదు, లెక్కలో ఉన్నాయని తరవాత తెలిసింది.

నవరాత్రుల్నీ వదల్లేదు. నాలుగో రోజు పొద్దున్నే నన్ను ఆపింది. "తొమ్మిదింట్లో మూడు రోజులైపోనాయి. పండగలో ఎంత వంతు అయిపోనాది?"

"మూడో వంతత్తా."

"నీకు లెక్క ఎంత వంతు వచ్చింది?"

"సగం."

"మరి రెండో సగానికి రోజులున్నాయి. ఏడవకు."

అయిదో రోజున రెండు అట్లు పోసింది. ఒకటి పెనమంత, రెండోది నా అరచెయ్యంత. రెండింటినీ మధ్యకి విరిచి, పెద్దదాంట్లో సగం మా పక్కింటి పిల్లకి, చిన్నదాంట్లో సగం నాకు ఇచ్చింది. ఆ పిల్ల, నేను ఒకే జట్టు. అయినా ఒళ్ళు మండింది.

"దొంగాట! దానికెక్కువ ఇచ్చేవు!"

"ఇద్దరికీ సగమే ఇచ్చేను కదే."

"దానిది పెద్దట్టులో సగం! నాది సిన్నట్టులో సగం!"

అత్త అట్లకాడ పక్కన పెట్టింది. అందరినీ దగ్గరికి పిలిచింది. "ఇనండి. ఎవుడైనా మీకు సగం ఇత్తానంటే, ముందు దేన్లో సగమో అడగండి. అదడక్కుండా సెయ్యి సాపకండి. ఆధా అన్నా, సగం అన్నా, ఏక్ బటా దో అన్నా, దేన్లోనో తెలీకపోతే అది ఉత్త మాట."

ఆ మాట మాకు బాగా నచ్చింది. రెండు రోజులపాటు లైనులో ప్రతివాణ్ణీ దేన్లో, దేన్లో అని సతాయించాం. అమ్మ "సగం పని అయింది" అంటే "దేన్లో సగం?" అని అడిగి మొట్టికాయ తిన్నాను.

ఎనిమిదో రోజున లడ్డూల పని వచ్చింది.

క్వార్టర్ల మైదానంలో తెలుగువాళ్ళు దసరా పూజ చేసేవారు. కమిటీలో అందరూ పెద్ద ఉద్యోగస్థులే. దశమి నాడు పిల్లలకి ప్రసాదం పంచేవారు. ఆ లడ్డూలు ఏటా మూకుడత్తే చేసేది. కమిటీ మనిషి వచ్చి వసారాలోకి కూడా ఎక్కకుండా చెప్పి వెళ్ళాడు: పెద్దవి వంద, చిన్నవి వంద, చిన్నది పెద్దదాంట్లో సగం ఉండాలి.

"రెండు రకాలెందుకత్తా?" అని అడిగాను.

ఎప్పుడూ పెద్ద గొంతుతో మాట్లాడే మనిషి మెల్లిగా చెప్పింది. "పెద్దవి ముందు కుర్సీల్లో కూకున్న పిల్లలికి. సిన్నవి ఎనకాల పట్టా మీద కూకున్నోళ్ళకి. ఏటా అంతే."

వెనకాల పట్టా మీద కూర్చునేది మేమే. ఏటా నేను తిన్న ఆ చిన్న లడ్డూ, లడ్డూ అంటేనే అంత ఉంటుందని అనుకున్నాను. ముందు వరసలవాళ్ళ చేతుల్లోకి ఎప్పుడూ తొంగి చూడలేదు. ఆ రోజు వేడి బూందీ అరచేతుల్లో నొక్కుతూ, నా చేతులతో నేనే చిన్నవి చుట్టాను. నెయ్యి, ఏలక్కాయ, పచ్చకర్పూరం కలిసిన వాసన. ఇవాళ్టికీ అది తగిలితే నాకు నోరూరదు, ముందు కోపం వస్తుంది.

దశమి మధ్యాహ్నం తలలకి నూనె రాసుకుని, ఉన్నవాటిలో మంచి గౌన్లు తొడుక్కుని పదకొండుమందిమీ వెళ్ళాం. మా అమ్మానాన్నలూ వచ్చారు. ఆ ఏడు జనం బాగా ఎక్కువగా వచ్చారు. లడ్డూలు చాలవని తెలిసినట్టుంది. కమిటీ అధ్యక్షుడు మైకు పట్టుకున్నాడు. ఆయన పెద్ద ఇంజనీరు. మా నాన్న పనిచేసే ఠేకేదారు ఆయన మాట దాటేవాడు కాదు.

"అమ్మవారి ముందు మనకి తేడాల్లేవు" అన్నాడాయన. "ముందు కూర్చున్నా, వెనక కూర్చున్నా పిల్లలంతా సమానమే. అందుకని ఈ ఏడు ప్రతి పిల్లకీ, ప్రతి పిల్లాడికీ సరిగ్గా సగం లడ్డూ."

జనం చప్పట్లు కొట్టారు. మా నాన్న కూడా కొట్టాడు.

రెండు బుట్టలు కదిలాయి. ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి. నా అరచేతిలో సగం లడ్డూ పెట్టారు. అది గోళీకాయ కన్నా కొంచెం పెద్దగా ఉంది. నేను లేచి నిలబడ్డాను. ధైర్యం చేశానని ఇప్పుడు చెప్పుకోవచ్చు గానీ నిజం అది కాదు. అయిదు రోజుల కిందట అట్టు దగ్గర వచ్చిన ఒళ్ళుమంటే మళ్ళీ వచ్చింది, అంతే.

"దేన్లో సగం?" అని అరిచాను.

అధ్యక్షుడికి అర్థం కాలేదు. "ఏమిటమ్మా?"

"వాళ్ళకి పెద్ద లడ్డూలో సగం ఇచ్చేరు. మాకు సిన్నదాన్లో సగం ఇచ్చేరు. రెండూ సమానం కావు. మాది పావు!"

అమ్మ వెనక నించి నా గౌను పట్టుకుని లాగుతోంది. ముందు కుర్చీల్లో పిల్లలు తమ చేతుల్లోకీ, మా చేతుల్లోకీ చూడ్డం మొదలుపెట్టారు. ఆయన నవ్వాడు. "ప్రసాదానికి కొలతలేమిటమ్మా? రవ్వంతైనా ప్రసాదం ప్రసాదమే."

"అయితే ఈ సిన్నవి మీ పిల్లలికి పెట్టండి" అన్నాను.

ఆయన నవ్వు పోయింది. "ఎవరు నేర్పారు నీకు ఈ మాటలు?"

అత్త పేరు చెబితే ఆవిడకి ఏమవుతుందో పదేళ్ళదాన్నయినా నాకు తెలుసు. పందిరి పక్కన ఖాళీ బుట్టలు సర్దుతున్న మూకుడత్త కొంగుకి చేతులు తుడుచుకుంటూ ముందుకి వచ్చింది.

"నానే నేర్పేను బాబూ. మాటలు కాదు, లెక్క నేర్పేను. ఈ లడ్డూలు సేసింది కూడా నానే. పెద్దది ఒకటికి సిన్నవి రెండు. తక్కిడి తెచ్చి తూకమెయ్యండి, పిల్ల సెప్పింది తప్పయితే నానే లెంపలేసుకుంతాను."

ఎవరూ తక్కెడ తేలేదు. పక్కింటి పిల్ల లేచి వెళ్ళి తన సగాన్ని బుట్టలో పెట్టేసింది. తరవాత నేను. తరవాత ఒక్కొక్కరూ. మా తమ్ముడు అప్పటికే తినేశాడు. వాడు కూడా బుట్ట దాకా వచ్చి, ఖాళీ అరచెయ్యి బుట్ట మీద బోర్లించి, గంభీరంగా వెనక్కి వెళ్ళాడు.

మర్నాడే ఇంజనీరుగారింటి నించి కబురు వచ్చింది, పిల్లని తీసుకుని రమ్మని. నాన్న ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. అమ్మ నా జడ గట్టిగా బిగించి అల్లుతూ "సారీ సెప్పీయే తల్లీ, నీకేటి పోతాది?" అంటూనే ఉంది. నాన్న సైకిలు ముందు కడ్డీ మీద నన్ను కూర్చోబెట్టుకుని క్వార్టర్లకి తీసుకువెళ్ళాడు.

వాళ్ళ ముందుగది ఫినైలు వాసన వేస్తోంది. కుర్చీల మీద అల్లిన తెల్లటి గుడ్డలు. మమ్మల్ని కూర్చోమని ఎవరూ అనలేదు. అమ్మగారు, అంటే ఆయన భార్య, పింగాణీ పళ్ళెంలో లడ్డూ తెచ్చారు. పెద్దది, మొత్తం ఒకటి, పైన జీడిపప్పు.

"నువ్వు తెలివైనదానివని అందరూ అంటున్నారమ్మా. తెలివితో పాటు మర్యాద కూడా ఉండాలి. అంకుల్‌కి సారీ చెప్పి ఇది తీసుకో" అన్నారు. గొంతు మెత్తగానే ఉంది.

అబద్ధమెందుకు, నాకా లడ్డూ కావాలనిపించింది. అది మొత్తం నేనే తినాలనిపించింది. అయినా నోరు తెరిస్తే వచ్చిన మాట వేరు. "లెక్క తప్పయితే సారీ చెప్తానండి."

ఇంజనీరుగారు నా వైపు చూడలేదు. నాన్న వైపు చూశాడు. "ఏమయ్యా, పిల్లని పెంచడం ఇలాగేనా? రేపు మీ ఠేకేదారు అడిగితే నేనేం చెప్పాలి?"

నాన్న రెండు చేతులూ కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన ముందు నాన్న అలాగే నిలబడేవాడు. అలాగే నిలబడి చెప్పాడు. "తప్పేటో సెప్పండి బాబూ. తప్పుంటే నానే దానిసేత సెప్పిత్తాను."

అమ్మగారే అందుకున్నారు. "తప్పని కాదయ్యా. పద్ధతి కాదు."

"తప్పు కాదంతన్నారు కదమ్మా. అది సాలు" అన్నాడు నాన్న. కట్టుకున్న చేతులు విప్పి నా భుజం మీద వేశాడు. "పదమ్మా."

లడ్డూ పళ్ళెంలోనే ఉండిపోయింది.

దారిలో ఏటి ఒడ్డున రెల్లు పూసి తెల్లగా ఊగుతోంది. నాన్న అక్కడ సైకిలు ఆపి, ఒక కాలు నేల మీద పెట్టి అడిగాడు. "ఆ సిన్నదాన్లో సగమంటే, పెద్దదాన్లో ఎంతవుద్దే? నిన్న నాకు తెలవలేదు."

సైకిలు దిగి మట్టిలో పుల్లతో గీసి చూపించాను. పెద్ద గుండ్రం ఒకటి, చిన్న గుండ్రాలు రెండు. రెండు చిన్నవి కలిస్తే ఒక పెద్దది. చిన్నదాంట్లో సగమంటే పెద్దదాన్ని నాలుగు చేస్తే ఒక ముక్క. నాన్న వంగి చూశాడు. బొటనవేలితో ఆ నాలుగో ముక్క మీద నొక్కాడు.

"ఇన్నేళ్ళూ నాను సప్పట్లు కొట్టేనే" అన్నాడు.

ఆయన ఏడ్చాడని రాస్తే బాగుంటుందేమో. ఏడవలేదు. సైకిలెక్కి ఇంటికి తొక్కాడు, అంతకు ముందెప్పుడూ తొక్కనంత జోరుగా.

నెల తిరక్కముందే నాన్నని ఆ పనిలోంచి తీసేశారు. ఇంకో ఠేకేదారు కింద బొగ్గు దించే పనిలో చేరాడు. ఆ చలికాలమంతా నాన్న దగ్గితే నల్లగా పడేది. అమ్మ నన్ను తిట్టేది, "నీ సగం గొడవ" అనేది. నాన్న ఒక్కసారి కూడా అనలేదు. మూకుడత్తకి క్వార్టర్ల నించి పని రావడం ఒక్కసారిగా ఆగిపోయింది. దీపావళికి జంతికల గొట్టం కడిగి మేకుకి తగిలించేసింది. నేను వెళ్ళి గుమ్మంలో నిలబడితే, "ఏటలా మొహం ఏలాడేసుకున్నావు? లెక్క తప్పు సెప్పేవా?" అంది. లేదన్నాను. "మరింకేటి. రా, కారం దంచాల" అంది. షిఫ్టు దిగే కూలీల కోసం లైను మొదట్లో పకోడీలు వెయ్యడం మొదలుపెట్టింది.

నా మాటకి ఫలితం నేను అనుభవించలేదు, వాళ్ళు అనుభవించారు. ఇది నాకు తెలుసు, అరవై దాటాక ఇంకా బాగా తెలుసు. అయినా ఆ పందిట్లో మళ్ళీ నన్ను నిలబెడితే మళ్ళీ అడుగుతాను.

సెలవులయ్యాక బడి తెరిచారు. మాస్టారు మొదటి రోజే నన్ను లేపాడు. "బోల్, ఆధా బడా కి చౌథాయీ?" సగం పెద్దదా, పావు పెద్దదా అని.

"కిస్ కా, సర్?" అన్నాను. దేన్లో అని.

తరగతి గొల్లుమంది. మాస్టారు బెత్తం ఎత్తాడు. నేను చెయ్యి చాపలేదు, నల్లబల్ల దగ్గరికి నడిచాను. రెండు గుండ్రాలు గీశాను, ఒకటి పెద్దది, ఒకటి బాగా చిన్నది. పెద్దదాన్ని నాలుగు చేశాను, చిన్నదాన్ని రెండు చేశాను. ఈ పావు ఈ సగం కన్నా పెద్దదని వేలు పెట్టి చూపించాను. తరవాత ఒకే కొలతతో ఇంకో రెండు గుండ్రాలు గీసి, ఇందులో అయితే సగమే పెద్దదని చెప్పాను.

మాస్టారు బల్ల మీది గుండ్రాలు చూశాడు. మెచ్చుకోలేదు. "బైఠ్ జా" అని కూర్చోమన్నాడు, అంతే. మా లైను వాళ్ళని ఒక్కొక్కరినీ లేపాడు. నలుగురు సరిగ్గా చెప్పారు. పక్కింటి పిల్ల భయంతో తడబడి తప్పు చెప్పింది. ఇంక దాన్ని దింపేస్తాడని అనుకున్నాను. ఆయన బెత్తం పక్కన పెట్టి, ఒక్క మాట చేర్చి మళ్ళీ అడిగాడు. "ఏక్ హీ రోటీ కా ఆధా బడా, కి చౌథాయీ?"

ఒకే రొట్టెలో అని.

పిల్ల సరిగ్గా చెప్పింది. ఆ ఏడు ఆరుగురిలో ఎవరూ కింది తరగతికి వెళ్ళలేదు.

మరుసటి ఏడు దసరాకి మేం క్వార్టర్ల మైదానానికి వెళ్ళలేదు. లైనులోనే నాలుగు వెదుళ్ళు పాతి, చీరలు కట్టి, దుర్గమ్మ పటం పెట్టుకున్నాం. అప్పుడు చక్కెర రేషను. ఇంటికో గిద్ద చొప్పున అందరూ తెచ్చి మూకుడత్త గిన్నెలో పోశారు. నాలుగు గిద్దలు ఒక సోల అని మాకు తెలుసు, ఎన్ని సోలలయ్యాయో పిల్లలమే లెక్కగట్టాం. నెయ్యి లేదు, డాల్డాతో చేసింది. జీడిపప్పు లేదు. లడ్డూలు చిన్నవే, కాని అన్నీ ఒకే కొలత. మనిషికొకటి, మొత్తంగా, విరవకుండా. పంచే పని నాది.

మధ్యాహ్నం వరసలో తల ఎత్తి చూస్తే ఆ ఇంజనీరుగారి భార్య నిలబడి ఉన్నారు, చేత్తో కూతుర్ని పట్టుకుని. పట్టుచీర కుచ్చిళ్ళకి మా వీధి మట్టి అంటుకుంది. ఎందుకు వచ్చారో అప్పుడు తెలియలేదు. ఇప్పుడూ గట్టిగా తెలుసునని చెప్పను. వరస దాటి ముందుకి రాలేదు, అదొక్కటీ చూశాను. వాళ్ళ వంతు వచ్చినప్పుడు ఆవిడకొకటి, పిల్లకొకటి ఇచ్చాను. ఆవిడ అక్కడే నోట్లో వేసుకున్నారు. తరవాత కొంచెం తటపటాయిస్తూ చెయ్యి చాపారు.

"మావారికి కూడా ఒకటి ఇస్తావా?"

నేను అత్త వైపు చూశాను. మూకుడత్త తన పాత పెద్ద గొంతుతో, కాని కోపం లేకుండా అంది. "ఆయన్ని కూడా రమ్మనండి అమ్మగారూ. ఒరసలో నిలబడితే ఆయనకీ ఒకటుంటాది."

ఆవిడ తల ఊపి వెళ్ళిపోయారు.

సాయంత్రానికి బుట్టలో ఒక్క లడ్డూ మిగిలింది. మా తమ్ముడు దాని చుట్టూ తిరుగుతున్నాడు. నాకూ చెయ్యి లాగుతోంది. అత్త బుట్ట తీసి పటం పక్కన పెట్టి, మా ఇద్దరినీ వేలితో వెనక్కి నెట్టింది.

"అది ఆయనది. ఆయనొచ్చినా రాకపోనా, ఆయన వంతు ఆయనదే. మనం తినం" అంది.

ఆయన రాలేదు. చీకటి పడి, పటం దించి, చీరలు విప్పేదాకా ఆ లడ్డూ అక్కడే ఉంది. ఎంతమంది పిల్లలకి ఎన్ని లెక్కలు చెప్పానో నాకు గుర్తులేదు గానీ, అంతకన్నా కచ్చితమైన లెక్క మాత్రం నేను చెప్పలేదు.